ఆరేళ్ల గడువుకు వంద రోజులే ఉంది: థీసిస్ ఇచ్చేయాలా, పొడిగింపు అడగాలా?

చెరువుకట్ట | 2025 ఆగస్టు 9

నమస్కారం. నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చరిత్ర అధ్యాపకురాలిని. 2019 నవంబరు 18న పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. అంశం కడప ప్రాంతపు చెరువులు, వాటి నిర్వహణ. పోరుమామిళ్ల చెరువు శాసనంతో మొదలుపెట్టాను. 1369 నాటి ఆ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను చెబుతుంది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా ఇస్తుంది. అయిదు అధ్యాయాలు పూర్తయ్యాయి. ముగింపు మిగిలింది.

నిన్న పరిశోధన విభాగం నుంచి లేఖ వచ్చింది. నవంబరు 17తో ఆరేళ్లు నిండుతాయని, ఆలోగా థీసిస్ సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని రాశారు. ప్రీ పీహెచ్‌డీ పరీక్ష గట్టెక్కాక 2021 మార్చిలో రిజిస్ట్రేషన్ ఖరారు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు కాబట్టి, ఆరేళ్లు అక్కడి నుంచి మొదలవుతాయని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఆ పరీక్షతోనూ ఒక చిక్కు ఉంది. పరిశోధన పద్ధతుల పేపర్లో మొదటిసారి 52 వచ్చాయి, 55 రావాలి. మళ్లీ రాసి 61 తెచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే నా ఫైల్లో 52 మార్కుల మెమో ఒక్కటే ఉంది. రెండోది ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పడం లేదు.

2021 సెప్టెంబరులో నాకు పాప పుట్టింది. కళాశాలలో ప్రసూతి సెలవు తీసుకున్నాను గానీ విశ్వవిద్యాలయంలో అడగవచ్చని అప్పుడు తెలియదు. మా గైడు గారు వచ్చే జూన్‌లో పదవీ విరమణ చేస్తున్నారు.

ఈ వంద రోజుల్లో ముగింపు రాసి ఇచ్చేయమంటారా? పొడిగింపు అడగమంటారా? కట్ట మీద నాతో నడిచి, ఏ తూము ఎప్పుడు ఎత్తేవారో చెప్పిన నీరుగట్టి (చెరువు నీటిని పొలాలకు వదిలే మనిషి) తాత గత ఏడాది కాలం చేశారు. ఆయన చెప్పినవి నా నోటు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవు. వాటిని హడావుడిగా చుట్టిపెట్టాలని లేదు. రిజిస్ట్రేషన్ పోగొట్టుకుని మూలన పడేయాలనీ లేదు.

పల్నాడు పరిశోధకుడు | ఆగస్టు 9

మేడమ్, కంగారు పడకండి. 2022 నవంబరు 7న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పీహెచ్‌డీ కొత్త నిబంధనలు వచ్చాయి. ఆరేళ్ల తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు అదనంగా ఇంకో రెండేళ్లు, మొత్తం పదేళ్ల వరకు ఉంది. థీసిస్‌కు ముందు వ్యాసం అచ్చయి తీరాలన్న షరతు కూడా ఆ నిబంధనల్లో లేదు. నేను 2023లో చేరాను, మాకు ఇవే చెప్పారు. నిదానంగా రాసుకోండి.

శాసన లిపి | ఆగస్టు 10

పైన మిత్రుడు చెప్పింది ఆయనకు వర్తిస్తుంది, మీకు కాదు. దయచేసి ఆ లెక్కతో నిశ్చింతగా కూర్చోకండి. 2022 నిబంధనలు వెలువడే నాటికే రిజిస్టరైన వారికి పాత నిబంధనలే వర్తిస్తాయని అందులోనే రాసి ఉంది. 2019లో చేరిన మీకు 2016 నాటివి. వాటి ప్రకారం కోర్స్ వర్క్‌తో (మీరు ప్రీ పీహెచ్‌డీ పరీక్ష రాసిన మొదటి దశ చదువుతో) కలిపి గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్స్ వర్క్‌తో కలిపి అన్నారు కాబట్టి 2021 మార్చి లెక్క నిలవదు. లేఖలో వారు వేసిన తేదీ సరైనదే.

అయితే అదే 2016 నిబంధనల్లో మహిళలకు రెండేళ్ల సడలింపు ఉంది. మొత్తం పరిశోధన కాలంలో ఒకసారి, 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు వేరుగా ఉంది. రెండూ 'ఇవ్వవచ్చు' అన్న మాటతో ఉన్నాయి. అంటే అడగనిదే రావు. నేను తెలుగు శాఖలో 2017 జూలైలో చేరాను. 2023లో గడువు దగ్గరపడుతుంటే, మహిళలకు ఎలాగూ ఇస్తారులే, తర్వాత చూద్దామని కార్యాలయంలో ఒకరు నోటిమాటగా చెప్పారు. నమ్మాను. గడువు దాటిన పదకొండు రోజులకు దరఖాస్తు ఇచ్చాను. ముగిసిన రిజిస్ట్రేషన్‌కు సడలింపు ఎలా ఇస్తామని ఫైలు అయిదు నెలలు తిప్పారు. ఆ అయిదు నెలలూ నేను ఒక్క పేజీ రాయలేకపోయాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈ సోమవారమే దరఖాస్తు రాయండి. గైడు, శాఖాధిపతి సంతకాలతో తపాలా విభాగంలో ఇచ్చి, మీ నకలు మీద ఇన్‌వర్డ్ నంబరూ తేదీ వేయించుకోండి. పాప జనన ధ్రువపత్రం, కళాశాల సెలవు ఉత్తర్వు జతచేయండి.

దరఖాస్తు ఇచ్చాక కూడా నవంబరు 17నే గడువు అనుకుని వెనక్కి లెక్కపెట్టండి. థీసిస్ ఇవ్వడానికి ముందు పరిశోధన సలహా సంఘం ఎదుట ప్రీ-సబ్మిషన్ సెమినార్ జరగాలి. వాళ్లు చెప్పిన మార్పులు చేయాలి. తర్వాత సారూప్యత పరీక్ష, అంటే ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తోందో సాఫ్ట్‌వేర్‌తో చూడటం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పది శాతం దాకా ఇబ్బంది లేదు. పది దాటి నలభై లోపు వస్తే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, దానికి ఆరు నెలల లోపు గడువు ఇస్తారు. మూలం చూపి ఉటంకించిన శాసన పాఠాలు ఆ లెక్కలోకి రావు. ఉటంకింపు గుర్తులు మాత్రం మరచిపోకండి.

మీరు తెలుగులో రాస్తున్నారా? టైపు 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో చేయించారా? అయితే ఇది ఇవాళే చూసుకోవాల్సిన పని. అను అక్షరాలను పరీక్ష సాఫ్ట్‌వేర్ చదవలేదు, యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చినప్పుడు ఒత్తులు విరిగిపోతాయి. నా థీసిస్‌లో 'క్షేత్రం' అన్న మాట వచ్చిన ప్రతిచోటా చెడింది. 310 పేజీలు వరుసగా చదివి దిద్దడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది.

చెరువుకట్ట | ఆగస్టు 10

ఎంత మేలు చేశారు! అవును, అను ఫాంట్లే. డీటీపీ చేసే అబ్బాయికి ఇప్పుడే ఫోను చేశాను.

ఒక సందేహం. వ్యాసం, సదస్సు పత్రాల షరతు నాకు ఉన్నట్టేనా? 2022లో ఒక వ్యాసం అచ్చయింది. అప్పుడు ఆ పత్రిక యూజీసీ కేర్ జాబితాలో (యూజీసీ గుర్తించిన పరిశోధన పత్రికల జాబితా) ఉంది. ఈ ఏడాది ఆ జాబితానే ఎత్తేశారు కదా. సదస్సుల్లో రెండు పత్రాలు చదివాను గానీ ఒకదాని ధ్రువపత్రం వర్షానికి తడిసి అక్షరాలు కనబడటం లేదు.

విశ్రాంత ఆచార్యుడు | ఆగస్టు 11

అమ్మా, నేను చరిత్ర శాఖలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి విరమించాను. 2016 నిబంధనలు థీసిస్ సమర్పణకు ముందు రిఫరీడ్ పత్రికలో (నిపుణులు పరిశీలించాకే వ్యాసాలు వేసే పత్రిక) ఒక వ్యాసం, సదస్సుల్లో రెండు పత్రాలు అడుగుతాయి, వాటికి రుజువులూ అడుగుతాయి. కాబట్టి ఆ షరతు నీకు ఉంది. జాబితా ఇప్పుడు ఎత్తేసినంత మాత్రాన అప్పుడు అచ్చయిన వ్యాసం విలువ పోదు. పత్రిక ముఖచిత్రం, విషయసూచిక, సంపాదక వర్గం పేజీ, వ్యాసం కలిపి ఒక ప్రతి చేయించు. తడిసిన ధ్రువపత్రానికి సదస్సు సంచాలకుడికి రాసి నకలు అడుగు. సదస్సు సంచికలో నీ పేరు ఉన్న పేజీ కూడా తీసిపెట్టుకో.

మార్కుల మెమో సంగతి అన్నిటికన్నా ముందు తేల్చుకో. పరిశోధన విభాగంలో వెతికితే దొరకదు, పరీక్షల విభాగానికి వెళ్లు. అక్కడ అందరి మార్కులూ నమోదు చేసే టాబ్యులేషన్ రిజిస్టరు ఉంటుంది. హాల్ టికెట్ నంబరు, పరీక్ష నెల రాసిచ్చి ధ్రువీకరించిన నకలు అడుగు. కోర్స్ వర్క్ ఉత్తీర్ణత రుజువు లేని థీసిస్‌ను పరీక్షకులకు పంపలేరు.

గైడు పదవీ విరమణ గురించి. జూన్ దాకా ఆగకుండా సహ పర్యవేక్షకుల నియామకానికి ఆయన చేతనే ఇప్పుడే లేఖ పెట్టించు. థీసిస్ కనీసం ఇద్దరు బయటి పరీక్షకులకు వెళ్తుంది. ఒకరు తిరస్కరిస్తే మరొకరికి పంపుతారు. సమర్పించిన నాటి నుంచి ఆరు నెలల్లో అంతా ముగించాలని నిబంధన ఉన్నా, నేను చూసిన ఫైళ్లలో చాలావరకు అంతకన్నా ఎక్కువే పట్టాయి. వైవా (చివరి మౌఖిక పరీక్ష) నాటికి గైడు విశ్రాంతిలో ఉండవచ్చు. అప్పుడు సంతకం ఎవరిదన్న ప్రశ్న రాకూడదు.

ఇక ముగింపు అధ్యాయం. నీరుగట్టి చెప్పిన మాటలు అక్కడ పెట్టకు. ముగింపులో కొత్త ఆధారాలు వస్తే పరీక్షకులు ఒప్పుకోరు. నిర్వహణ అధ్యాయంలో వాటికి ప్రత్యేకంగా ఒక భాగం ఇవ్వు. మాట్లాడిన తేదీ, చోటు, ఆయన వయసు రాయి. మౌఖిక ఆధారానికి అదే బలం.

చెరువుకట్ట | సెప్టెంబరు 21

అందరికీ తెలియజేస్తున్నాను. ఆగస్టు 11న దరఖాస్తు ఇచ్చాను, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను. నాలుగో వారంలో ఉత్తర్వు వచ్చింది. మహిళల సడలింపు కింద ఒక ఏడాది ఇచ్చారు, 2026 నవంబరు 17 వరకు. 240 రోజుల సెలవు మీద ఇంకా ఏమీ తేల్చలేదు, దాన్ని వదిలిపెట్టను. 61 మార్కులు రిజిస్టరులో దొరికాయి. ధ్రువీకరించిన నకలు ఫైల్లో నా కళ్ల ముందే కుట్టించాను. సహ పర్యవేక్షకుల లేఖ మీద మా గైడు గారు అదే రోజు సంతకం చేశారు.

ఏడాది దొరికినా ప్రీ-సబ్మిషన్ సెమినార్‌ను మాత్రం వాయిదా వేయలేదు. అక్టోబరు 15న పెట్టారు. యూనికోడ్‌లో దిద్దుతూ మూడో అధ్యాయం దాకా వచ్చాను. నాలుగో అధ్యాయంలో తాత మాటలకు పదకొండు పేజీలు కేటాయించాను. ఆయన తూములకు చెప్పిన పేర్లు రెండు ఎవరికీ అర్థం కావడం లేదు. ఆదివారం పోరుమామిళ్ల వెళ్లి వాళ్ల అబ్బాయిని అడిగి వస్తాను.