చెక్క ప్యానెలింగ్‌కు లేత రంగు: పాత వార్నిష్ పూర్తిగా తీయాలా?

ప్రశ్న

మా హాలులో రెండు గోడలకు నిలువు గాడులున్న చెక్క ప్యానెలింగ్ ఉంది. ముదురు గోధుమ రంగు, పైన నిగనిగలాడే వార్నిష్. గది చీకటిగా ఉంటున్నందున, దానిని ఊడదీయకుండా లేత రంగు వేద్దామనుకుంటున్నాము. వార్నిష్‌ను చెక్క తేలేవరకు గీకాలా, పైపైన రుద్దితే చాలా? గాడులను లప్పంతో పూడ్చి గోడను నున్నగా చేయవచ్చా? ఒక మూల నీటి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసి చూస్తే, ఆరిన తరువాత అక్కడక్కడ పసుపు మరకలు తేలాయి. కారణం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1

వార్నిష్ మొత్తం తీయనక్కరలేదండీ. పెచ్చులు లేస్తున్న చోట మాత్రమే గీకి, మిగిలినచోట మెరుపు చచ్చేవరకు రుద్దితే చాలు. అయితే రుద్దడానికి ముందే సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. జిడ్డు మీదనే సాండ్ పేపర్ పెడితే ఆ జిడ్డు గీతల్లోకి చేరి, పైన వేసిన రంగు పట్టు తప్పుతుంది. 150 నంబరు కాగితంతో నార (చెక్కలోని పోగుల గీతలు) వెంబడి రుద్ది, 220తో ముగించండి.

ఇంతకంటే ముఖ్యమైనది, అది ఏ చెక్కో తెలుసుకోవడం. కరెంటు ఆపి, ఒక స్విచ్ బోర్డు మూత విప్పితే, అక్కడ ప్యానెల్ కోసిన అంచు కనిపిస్తుంది. నార ఈ మొహం నుంచి ఆ మొహం దాకా ఒకే తీరుగా ఉంటే గట్టి చెక్క, పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, నార లేకుండా పొట్టు అదిమినట్లుంటే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక). చివరి రెండింటి మీద వెనీర్, అంటే పలుచని అసలు చెక్క పొర, అతికించి ఉంటే, ఆ పొర తరచుగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి యంత్రం జోలికి పోకుండా చేత్తోనే రుద్దండి.

జవాబు 2

మరకల గురించి. చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే, మరక చేసే పదార్థం నీటిలో కరుగుతుంది. నీటి ప్రైమర్‌లోని తడి దానిని కరిగించి పైకి లాగుతుంది, నీరు ఆవిరైపోయాక టానిన్ రంగు మాత్రం పైన మిగిలిపోతుంది. వార్నిష్ అరిగిన చోట్ల, ముడుల దగ్గర ఇది ఎక్కువ. అదే ప్రైమర్ ఇంకో పూత వేసినా మరక మళ్లీ తేలే అవకాశమే ఎక్కువ. పూతలు పెంచి దానిని గెలవాలనుకోవడం డబ్బా ఖాళీ చేసుకోవడమే. లక్కతో తయారయ్యే షెల్లాక్ ప్రైమర్ గానీ, మరకలను అడ్డుకునే ఆయిల్ ప్రైమర్ గానీ వేయండి. ముడులకు నా ఓటు షెల్లాక్‌కే. అది గంటలోపే ఆరుతుంది, కానీ ఘాటు ఎక్కువ, ఆవిరికి నిప్పంటుకుంటుంది కూడా. కిటికీలు తెరిచి, దీపాలూ పొయ్యిలూ ఆర్పి పని చేయాలి. బ్రష్‌ను నీళ్లతో కాక స్పిరిట్‌తో కడగాలి.

జవాబు 3

పైది చెక్క కాక లామినేట్ (చెక్కలా కనిపించే ప్లాస్టిక్ లాంటి రేకు) అయితే టానిన్ సమస్య ఉండదు, పట్టు సమస్య ఉంటుంది. దానికి నున్నని వాటికీ పట్టుకునే బాండింగ్ ప్రైమర్ వాడి, ఒక మూల వేసి బాగా ఆరనిచ్చి, బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, టేపు అతికించి చటుక్కున లాగండి. టేపుతో పాటు రంగు లేచి వస్తే మరింత రుద్దాలి, లేదా ప్రైమర్ మార్చాలి. వార్నిష్ కింద పాత పెయింటు బయటపడితే, సీసం ఉందేమో పరీక్షించే వరకు రుద్దకండి. ఆ ధూళి పిల్లలకు చాలా ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. బోర్డు మూత విప్పి చూశాను, మాది గట్టి చెక్కే, ఒకదానిలో ఒకటి దూర్చిన పలకలు. ఇక గాడుల సంగతి తేలాలి.

జవాబు 4

విడి పలకలైతే పూడ్చవద్దు. గాలిలో తేమ పెరిగితే పలక అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. గట్టిపడిన లప్పం ఆ కదలికకు తట్టుకోలేక ప్రతి గాడి వెంబడి నిలువునా చీలుతుంది. పైకప్పును, మూలలను తాకే సందుల్లో మాత్రం సాగే గుణమున్న ఆక్రిలిక్ సీలెంట్ పెట్టండి. సిలికోన్ వద్దు, దానిమీద రంగు నిలవదు.

వీలైతే గాలి పొడిగా ఉన్న రోజుల్లోనే రంగు వేయండి. అప్పుడు పలకలు కుంచించుకుని ఉంటాయి కనుక, లోపలికి దూరిన అంచు చాలావరకు బయటపడి దానికీ రంగు అందుతుంది. తేమ కాలంలో వేస్తే, తరువాత పలకలు ముడుచుకున్నప్పుడు గాడుల్లో రంగు లేని గోధుమ గీతలు కనిపిస్తాయి. ముందు సన్న బ్రష్‌తో నాలుగైదు గాడులు నింపి, అవి తడిగా ఉండగానే పొట్టి నూగున్న రోలర్‌తో పలకల మీద పై నుంచి కిందికి లాగండి. గాడి అడుగున రంగు నిలిచి కారుతోందేమో వెంటనే చూసి, పొడి బ్రష్‌తో తీసేయండి. రెండు పలుచని పూతలు సరిపోతాయి. చేతికి అంటనంత మాత్రాన రంగు గట్టిపడినట్లు కాదు. నీటి ఎనామెల్‌కు కొన్ని వారాలు పడుతుంది, అందాకా సోఫాను గోడకు ఆనించకండి.