9/11 శిథిలాల దుమ్ము, ఇప్పుడు ఆస్తమా: న్యూయార్క్ వర్కర్స్ కంపెన్సేషన్‌కి ఇంకా దారి ఉందా?

ఎడిసన్‌వాసి (ప్రశ్న): మా బాబాయి 2001 అక్టోబర్ నుంచి 2002 జనవరి దాకా లోయర్ మన్‌హటన్‌లో ఓ క్లీనింగ్ కాంట్రాక్టర్ కింద ఆఫీసు భవనాల్లో దుమ్ము తీసే పని చేశారు. ఇప్పుడు ఆస్తమా, సైనస్. డబ్ల్యూటీసీ (వరల్డ్ ట్రేడ్ సెంటర్) హెల్త్ ప్రోగ్రామ్‌లో ఉన్నారు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. వర్కర్స్ కంపెన్సేషన్ (పనివల్ల వచ్చిన జబ్బుకి యజమాని బీమా ఇచ్చే పరిహారం) అడగడానికి గడువు దాటిపోయినట్టేనా?

కాంప్_ఫైళ్ళు: ముందు ఒకటి చెప్పండి, డబ్ల్యూటీసీ-12 ఫారం (ఆ పనుల్లో పాల్గొన్నట్టు కంపెన్సేషన్ బోర్డులో నమోదు చేసుకునేది) వేశారా? చాలామంది ఇక్కడే పొరబడతారు. హెల్త్ ప్రోగ్రామ్ ఫెడరల్‌ది, అందులో చేరితే న్యూయార్క్ కంపెన్సేషన్ బోర్డులో నమోదైనట్టు కాదు. 2001 సెప్టెంబర్ 11 నుంచి 2002 సెప్టెంబర్ 12 మధ్య రక్షణ, వెలికితీత, శుభ్రత పనుల్లో ఉన్నవాళ్ళు ఆ ఫారం మీద నోటరీ ముందు సంతకం పెట్టి 2026 సెప్టెంబర్ 11 లోపు ఇవ్వాలి. జబ్బు లేనివాళ్ళు కూడా వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. రేపు క్యాన్సర్ బయటపడితే అదే ఆధారం.

పనిచేసిన చోటు కెనాల్ స్ట్రీట్, పైక్ స్ట్రీట్‌లకు దక్షిణాన ఉండాలి. శిథిలాలు తరలించిన ఫ్రెష్ కిల్స్ డంపు, బార్జీలు, మార్చురీలూ లెక్కలోకి వస్తాయి. "మన్‌హటన్‌లో క్లీనింగ్" అని రాసి వదిలేయొద్దు. భవనం చిరునామా, నెలలు, చేసిన పని (డక్టుల శుభ్రతా, తడిసిన కార్పెట్లు ఎత్తడమా) రాయండి. మళ్ళీ తెరిచిన ఆఫీసుకి మామూలు ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళ క్లెయిములు కొట్టేస్తారు.

ఇది నమోదు మాత్రమేనండి. అసలు క్లెయిముకి సీ-3 అనే ఫారం వేరే వేయాలి.

ఎడిసన్‌వాసి: పే స్టబ్బులు (జీతం చీటీలు) ఒక్కటీ లేవు.

క్వీన్స్_పారాలీగల్: సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి ఎస్‌ఎస్‌ఏ-7050 ఫారం పెట్టి, 2001, 2002 సంవత్సరాలకి యజమాని పేర్లతో సహా సంపాదన వివరాలు అడగండి. ఫీజు ఉంటుంది. నగదు జీతమైతే అందులో కనబడదు, అప్పుడు తోటి పనివాళ్ళ అఫిడవిట్లే దిక్కు. కంపెనీ మూతపడినా ఆనాటి బీమా సంస్థ బాధ్యత పోదు.

డాక్టరు చీటీలో "ఆస్తమా ఉంది" అంటే చాలదు. ఆ దుమ్ము వల్లే వచ్చిందని కారణంతో రాయాలి, ఆ డాక్టరుకి బోర్డు ఆథరైజేషన్ ఉండాలి. బీమావాళ్ళు ముందు పట్టుకునేది పొగతాగే అలవాటు, పాత అలర్జీలు. వాటిని దాచకుండా నివేదికలోనే ప్రస్తావించి జవాబు ఇప్పించండి.

కాంప్_ఫైళ్ళు: ఇంకో మాట. విక్టిమ్ కంపెన్సేషన్ ఫండ్ (9/11 బాధితులకిచ్చే ఫెడరల్ నిధి) వేరే, దాని గడువులూ వేరే. కంపెన్సేషన్ కింద వచ్చిన డబ్బు అక్కడ లెక్కలోంచి తీసేస్తారు, కాబట్టి చెప్పకుండా ఉండొద్దు. బీమావాళ్ళు సెక్షన్ 32 రాజీ (డబ్బు ఇచ్చి క్లెయిము ముగించే ఒప్పందం) అంటే, భవిష్యత్తు వైద్యం కూడా మూసేస్తున్నారా అని చదవకుండా సంతకం పెట్టనివ్వకండి. లాయరు ఫీజు ముందు కట్టనక్కర్లేదు, బోర్డు ఆమోదించిన మొత్తమే పరిహారంలోంచి పోతుంది.