ఒకే కథ: స్ట్రేంజ్‌లవ్‌లో నవ్వు, ఫెయిల్ సేఫ్‌లో వణుకు. తేడా ఎక్కడ?

ప్రశ్న (స్క్రిప్ట్‌డెస్క్): కుబ్రిక్ 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్', లుమెట్ 'ఫెయిల్ సేఫ్': రెండు సినిమాలూ 1964లో వచ్చాయి, రెండింటినీ కొలంబియా స్టూడియో వాళ్లే విడుదల చేశారు. రెండింట్లోనూ ప్రెసిడెంటు ప్రమేయం లేకుండా అమెరికా అణుబాంబర్లు రష్యా మీదికి బయల్దేరతాయి. లుమెట్ తీస్తే గుండె జారిపోతుంది, కుబ్రిక్ తీస్తే పొట్ట చెక్కలవుతుంది. యుద్ధం మీద వ్యంగ్యం రాసేవాళ్లు ఏ సీన్లు పట్టి పట్టి చూడాలి?

చివరివరుస: ముందు స్ట్రేంజ్‌లవ్‌లో కాయిన్ బాక్స్ ఫోన్ సీన్ చూడండి. బాంబర్లను వెనక్కి పిలిచే మూడక్షరాల కోడ్ ఎయిర్‌బేస్‌లో ఉన్న బ్రిటిష్ ఆఫీసర్ మాండ్రేక్‌కి అందింది, ప్రెసిడెంటుకి చేరాలి. జేబులో చాలినంత చిల్లర లేదు. డబ్బులు అవతలివాళ్లే కట్టే కాల్ చేద్దామంటే వైట్‌హౌస్ ఒప్పుకోదు. పక్కనున్న కోకకోలా మెషిన్‌ని కాల్చి చిల్లర తియ్యమంటే, అది ప్రైవేటు ఆస్తి అని కల్నల్ మొరాయిస్తాడు. ఇందులో జోకు వేసేవాడు ఒక్కడూ లేడు. అడ్డుపడేవన్నీ రోజూ ఉండే రూల్సే. భూమి బూడిదయ్యే ముందు కూడా ఎవరూ సడలించరు. నవ్వంతా అక్కడే పుడుతుంది.

క్లైమాక్స్ కోసం వార్ రూమ్‌లో (ప్రెసిడెంటూ జనరల్సూ కూర్చునే గది) అందరూ క్రీమ్ పైలతో కొట్టుకునే సీన్ తీసి, ఎడిటింగ్‌లో కోసేశారు. మంచి పని చేశారు. పాత్రలే సరదా పడుతుంటే మనకి భయం ఎగిరిపోతుంది. మూలమైన పీటర్ జార్జ్ నవల (1958) కూడా పక్కా సీరియస్ థ్రిల్లరే, మరవద్దు.

కత్తెర: నిజమే గానీ, అది యుద్ధయంత్రం కథ. విదేశాంగ విధానం ఎలా వండుతారో తెలియాలంటే 'ఇన్ ద లూప్' (2009) చూడాలి. యుద్ధం తేల్చే కమిటీకి పెట్టిన పేరు 'ఫ్యూచర్ ప్లానింగ్ కమిటీ': ఎవరూ తొంగి చూడనంత చప్పని పేరు. పార్టీ జరుగుతున్న ఇంట్లో, పిల్లల గదిలో, కుయ్‌కుయ్‌మనే బొమ్మ కాలిక్యులేటర్ మీద జనరల్ యుద్ధానికి పంపగల సైనికుల లెక్క కడతాడు. తేలింది 12 వేలు. చచ్చిపోయేవాళ్లే అంతమంది ఉంటారు, యుద్ధం అయ్యాక కొందరైనా మిగలాలి కదా అంటాడు. వస్తువు ఆటబొమ్మ, లెక్క మాత్రం అసలుది. ఆ జంటని విడదీస్తే సీన్ చచ్చిపోతుంది.

రీలుబండి: ఇంకో మాట. కొత్తగా రాసేవాళ్లు ముందుగా ప్రెసిడెంటుని బఫూన్ చేస్తారు, వ్యంగ్యం అక్కడే నీరుగారుతుంది. స్ట్రేంజ్‌లవ్ వార్ రూమ్‌లో అందరికన్నా తెలివిగా మాట్లాడేది ప్రెసిడెంటే. 'వ్యాగ్ ద డాగ్' (1997)లో అయితే ప్రెసిడెంటు ముఖమే చూపించరు. ఆయన కుంభకోణం మరుగున పడాలని అల్బేనియాతో లేని యుద్ధాన్ని టీవీ కోసం సృష్టించే కథ అది. స్టూడియోలో ఓ అమ్మాయి చేతికి చిప్స్ ప్యాకెట్ ఇచ్చి పరిగెత్తిస్తారు. వెనకాల అల్బేనియా ఊరు, మంటలు, ప్యాకెట్ స్థానంలో పిల్లికూన కంప్యూటర్లో చేరతాయి. ప్రెసిడెంటు నుంచి వచ్చే ఆదేశం ఒక్కటే: పిల్లి తెల్లగా ఉండాలి.