ఏటీవీ (మట్టిబాటల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ముందు బ్రేకుల్లో ఎయిర్: పైనుంచి తీయాలా, కింది నుంచి ఎక్కించాలా?

బురదబాట:
హ్యాండిల్ మీద ఒకే మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ని తోసేది), ముందు రెండు డిస్కులు. క్యాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కేవి) పాతవే, హోసులు మాత్రం కొత్తవి. లివర్ గ్రిప్పుకి ఆనేదాకా దిగుతోంది. లివర్ పంపు చేసి, క్యాలిపర్ మీద గాలి తీసే నిపుల్ వదులుతూ 200 మి.లీ. డాట్ 4 బ్రేక్ ఆయిల్ పోయించినా మెత్తదనం పోలేదు. సిరంజితో కింది నుంచి ఎక్కించమని కొందరు, వద్దని కొందరు. ఏది సరైనది?

పానా8:
కింది నుంచే. ఈ బండ్లలో హోసు హ్యాండిల్ దాకా దాదాపు నిలువుగా లేస్తుంది. లివర్ ఒకసారి నొక్కితే కదిలే ఆయిల్ చాలా కొద్ది. బుడగ కాస్త దిగి, ఆగగానే మళ్లీ పైకి పాకుతుంది. గాలి వెళ్లే దిక్కుకే దాన్ని తోయండి.

60 మి.లీ. సిరంజి, నిపుల్‌కి బిగుతుగా పట్టే, లోపల ఆయిల్ కనిపించే ట్యూబు చాలు. ముందు ట్యూబులో గాలంతా తీసేయాలి, లేకపోతే మనమే ఎక్కించినట్టు. నిపుల్ పావు చుట్టు వదిలి మెల్లగా తోయాలి. లివర్ ముట్టుకోవద్దు: నొక్కి ఉంటే మాస్టర్‌లోని సన్నటి రంధ్రం మూసుకుపోయి ఆయిల్ మాస్టర్ మీది డబ్బాలోకి రాదు. డబ్బాలో ముందే సగం తోడేయండి. పొంగి పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

గట్టిపట్టు:
పాత క్యాలిపర్ అని చెప్పాక కూడా ఈ సలహానా అండీ? అడుగున నల్లటి మడ్డి ఉంటుంది. దాన్ని పైకి తోస్తే మీరు చెప్పిన ఆ రంధ్రానికే అడ్డం పడుతుంది. లివర్ వదిలినా ఒత్తిడి దిగదు, ప్యాడ్లు డిస్కుని రాసుకుంటూ కాలిపోతాయి. మెత్తటి బ్రేక్ కన్నా అది ప్రమాదం.

పైగా 200 మి.లీ. పోయాక కూడా మెత్తగా ఉందంటే నా అనుమానం హోసు మీద కాదు, మాస్టర్ దగ్గరి బాంజో బోల్టు (హోసుని మాస్టర్‌కి బిగించే బోలు బోల్టు) మీద. గాలి అక్కడే గూడు కట్టుకుంటుంది. మాస్టర్ అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా హ్యాండిల్ తిప్పి, కింద గుడ్డ పెట్టి, లివర్ నొక్కి పట్టి బాంజో కొంచెం వదలండి. బుస్సుమని వచ్చాక బిగించి, ఆ తర్వాతే లివర్ వదలాలి. వరుస తప్పితే గాలి తిరిగి పీల్చుకుంటుంది. రాగి వాషర్లు పాతవి వేయొద్దు.

పానా8:
మడ్డి మాట ఒప్పుకుంటాను. పైనుంచి తేటగా వచ్చేదాకా పోయించాకే సిరంజి పట్టాలి. ఆయన ఇప్పటికే 200 మి.లీ. పోయించారు కదా!

చెరువుగట్టు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. క్యాలిపర్లు కుడి ఎడమలు తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది, పైన గాలి అలాగే మిగులుతుంది. అప్పుడు ఏ పద్ధతీ పనిచేయదు. అలా ఉంటే ఎటుది అటు మార్చండి.

వాక్యూమ్ పంపుతో లాగితే బుడగలు ఆగవు, అవి నిపుల్ మర చుట్ల సందులోంచి వచ్చే బయటి గాలి. వాటిని చూసి మోసపోవద్దు.

బురదబాట:
నిపుళ్లు పైకే ఉన్నాయి. రాత్రంతా లివర్‌ని గ్రిప్పుకి నొక్కి తాడుతో కట్టి ఉంచడం పనికొస్తుందా?

గట్టిపట్టు:
చిన్న బుడగలకి పనికొస్తుంది. కానీ ముందు ఒకటి తేల్చుకోండి. నాలుగుసార్లు పంపు చేశాక గట్టిపడితే చాలావరకు గాలి ఉన్నట్టే. నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతుంటే అది గాలి కాదు, మాస్టర్ సీలు పోయింది, లేదా ఎక్కడో కారుతోంది. దానికి సిరంజీ వద్దు, తాడూ వద్దు. మాస్టర్ సీళ్ల కిట్ మార్చాలి, లేదా కారే చోటు బాగుచేయాలి.