359 గజాలు దాటిన ప్లాటులో మీటరు పచ్చపట్టీ: పనికొచ్చే రూలా, టైల్స్ కింద పోయే రూలా?

ప్లాన్‌గీత:
తెలంగాణ బిల్డింగ్ రూల్స్, అంటే ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2012 ఏప్రిల్ 7 నాటి జీ.ఓ. 168 చెప్పేది ఇదీ: ప్లాటు 300 చదరపు మీటర్లు దాటితే, ముందువైపు పోను మిగతా వైపులా, సెట్‌బ్యాక్ (హద్దుకూ బిల్డింగుకూ మధ్య వదలాల్సిన ఖాళీ) లోపలే, కనీసం మీటరు వెడల్పున ఎక్కడా తెగకుండా మొక్కల పట్టీ పెంచి కాపాడాలి. 300 చ.మీ. అంటే దాదాపు 359 గజాలు. హైరైజ్‌లకు ఉన్న 2 మీటర్ల పట్టీ వేరే లెక్క, దాన్ని ఇక్కడికి తేవద్దు. 400, 500 గజాల్లో కట్టే మామూలు అపార్ట్‌మెంట్ల సంగతే మాట్లాడుకుందాం.

నా వాదన: ఈ సైజు ప్లాట్లలో ఈ రూలు కాగితం మీదే బతుకుతోంది. 14 × 25 మీటర్ల ప్లాటు తీసుకోండి, 350 చ.మీ. రెండు పక్కలు, వెనక కలిపితే 64 మీటర్ల పొడవు. మూలలు రెండుసార్లు లెక్కకు రాకుండా చూస్తే 62 చ.మీ. పట్టీ. ప్లాటులో ఇది 18 శాతం. 750 చ.మీ. దాటిన ప్లాటుకు అదనంగా అడిగే టాట్‌లాట్, అంటే పిల్లల ఆటస్థలం, 5 శాతమే! ఇంత నేల అడిగి దాన్ని రిబ్బన్‌లా సాగదీయడం దేనికి? అదే 62 చ.మీ. వెనకవైపు ఒక్కచోట, 14 × 4.4 మీటర్ల ముక్కగా వదలమంటే రెండు మంచి చెట్లు, ఒక ఇంకుడు గుంత పడతాయి. పక్కలకు రాయి పరుచుకోవచ్చు.

తడిమట్టి:
వినడానికి బాగుందండీ. వెనక 4.4 మీటర్ల ముక్క వదిలితే మూడేళ్లలో అక్కడ ఏముంటుందో మీకూ తెలుసు: వాచ్‌మన్ గది, బట్టలు ఉతికే బండ, పాత సోఫాలు. రేకు వేయడానికి 4 మీటర్లు అచ్చంగా సరిపోతాయి. మీటరు పట్టీలో ఎవడూ గది కట్టలేడు. రూలు పెట్టినవాళ్లు ఇది ఆలోచించారో లేదో గానీ, సన్నగా ఉండటమే దానికి కాపలా.

ఇక పక్కలకు రాయి పరిస్తే మీకు ఒరిగేది ఏంటి? 300 నుంచి 400 చ.మీ. ప్లాటులో 12 మీటర్ల ఎత్తు వరకు పక్క సెట్‌బ్యాక్ 2 మీటర్లు. కారు వెడల్పే 1.7, 1.8. తలుపు తీయడానికి కూడా చోటు ఉండదు. అక్కడ మీరు ఆపగలిగేది రెండు స్కూటర్లు.

పట్టీ చచ్చేది వెడల్పు చాలక కాదు, అందులో నింపే చెత్త వల్ల. కట్టడం అయ్యాక మిగిలిన ఇటుక ముక్కలు, ప్లాస్టరింగ్ రాలుడు, టైల్స్ పెచ్చులు అన్నీ సెట్‌బ్యాక్‌లోకి తోసి, పైన అరడుగు ఎర్రమట్టి చల్లి, లాన్ పరిచి, ఫొటో తీసి ఫైల్లో పెడతారు. సిమెంటు రాలుడు సున్నం గుణం వల్ల మట్టిలో ఇనుము మొక్కకు అందదు. ఈనెలు పచ్చగా, మధ్యలో ఆకు పసుపుగా మారితే అదే. యూరియా ఎంత చల్లినా తిరగదు.

సరిగ్గా చేయాలంటే 60 సెం.మీ. తవ్వి డెబ్రిస్ మొత్తం తీసేయాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు లేదా ముతక ఇసుక. 62 చ.మీ.కి 60 సెం.మీ. లోతు అంటే 37 ఘనపు మీటర్లు. వంద ఘనపుటడుగుల ట్రాక్టరు అయితే 13 ట్రిప్పులు. రెండు వానలకు పదో వంతు దిగిపోతుంది కాబట్టి మొదట కాస్త ఉబ్బెత్తుగా నింపండి. దిగాక మట్టి మట్టం నడక దారి అంచుకు 5 సెం.మీ. కిందే ఉండాలి, లేకపోతే ప్రతి వానకూ దారంతా బురదే.

నిలువుగోడ:
60 సెం.మీ. తవ్వమంటున్నారు. ఎక్కడ తవ్వుతారు సార్? గోడ పునాది సంగతి ఎవరూ ఎత్తలేదు.

కాంపౌండ్ గోడ మన హద్దు లోపలే కడతాం. పునాది పక్కవాడి స్థలంలోకి పోకూడదు కాబట్టి రాతి కట్టడం అంతా మనవైపే పొడుచుకొస్తుంది, గోడ ముఖం నుంచి 30, 40 సెం.మీ. దాకా. అంటే పట్టీ కింద అరమీటరు లోతులో అడుగుకు పైగా రాయే. మీటరు పట్టీలో వేరుకు లోతుగా దిగే చోటు 60 సెం.మీ. పైగా కొలత హద్దు నుంచి తీస్తే 23 సెం.మీ. ఇటుక గోడ కూడా ఆ మీటరులోనే కలిసిపోతుంది, 77 మిగులుతుంది. గోడ లోపలి ముఖం నుంచి మీటరు చూపించడం మేలు, రేపు టేపు పట్టుకుని వచ్చినవాడితో గొడవ ఉండదు.

రెండో సంగతి, మట్టి ఎత్తు. పక్క ప్లాటు మట్టం కన్నా మన పట్టీ ఒకటిన్నర అడుగు ఎత్తయితే ఆరంగుళాల సిమెంటు బ్లాకు గోడ కాస్తా మట్టిని ఆపే రిటైనింగ్ గోడ పని చేయాల్సి వస్తుంది. దాన్ని అందుకు కట్టలేదు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1.8 నుంచి 2 టన్నులు. రెండు వానాకాలాల్లో గోడ బయటికి వాలుతుంది. నీరు పోయే రంధ్రాలు పెడదామంటే అవి పక్కింట్లోకే కదా తెరుచుకునేది! అందుకని పట్టీ మట్టం పక్క ప్లాటు నేలకు సమానంగా ఉండాలి, లేదా గోడను కింది నుంచే కాంక్రీటుతో లేపాలి.

నల్లరేగడిలో ఇంకా జాగ్రత్త. గుంటూరు వైపు ఇలాంటి పట్టీ వేస్తే గోడకు ఒకపక్క రోజూ తడి, అవతలపక్క ఎండ. మట్టి ఇటు ఉబ్బి అటు కుంచించుకుంటుంది, గోడ పొడవునా అడ్డంగా చీలిక వస్తుంది. అక్కడ గోడకు ఆనించి డ్రిప్ పైపు వేయకండి, 60 సెం.మీ. ఇవతలే.

404_సెక్రటరీ:
నీళ్ల లెక్క ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం చ.మీ.కి రోజుకు 4, 5 లీటర్లు వేసుకున్నా 62 చ.మీ.కి 250 నుంచి 310 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు పదహారు, ఇరవై రోజుల్లో అయిపోతుంది. పది ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో మే నెల మీటింగులో ఈ మాట ఎత్తి చూడండి. ముందు నోళ్లు మూసుకుపోయేది మొక్కలవే.

రూలు "పెంచి కాపాడాలి" అంటుంది. కాపాడాల్సింది బిల్డరు కాదు, అసోసియేషన్. ప్లాను గీసినప్పుడు అసోసియేషన్ పుట్టనే లేదు.

తడిమట్టి:
@404_సెక్రటరీ, పైపుతో నిలబడి కొడితే దానికి రెట్టింపు అవుతుంది, ఒప్పుకుంటా. 16 మి.మీ. ఇన్‌లైన్ డ్రిప్ వేయండి, 30 సెం.మీ.కి ఒక చుక్క రంధ్రం, గంటకు 2 లీటర్లది. 62 మీటర్లకు 206 రంధ్రాలు, గంటకు 412 లీటర్లు. రోజూ 40 నిమిషాలు చాలు. మొదట్లో ఒక స్క్రీన్ ఫిల్టరు, చివర్లో విప్పి కడగడానికి మూత తప్పనిసరి. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఎక్కువగా మూసుకుపోయేవి చివరి పది మీటర్ల రంధ్రాలే. ఏసీల నీళ్లు నిక్షేపంగా వాడొచ్చు. ఆర్వో నుంచి వదిలేసే నీళ్లు మాత్రం ఒట్టివే పోయకండి, ఆకు కొనలు మాడిపోతాయి. మామూలు నీళ్లు సగానికి సగం కలపాలి.

లాన్ వద్దు. నీళ్లలో సగం అదే తాగుతుంది, పైగా నీడలో ఉండదు.

ఎండపొడ:
అసలు విషయం "నీడలో" అన్న ఆ ఒక్క మాటలో ఉంది. మన 2 మీటర్లు, పక్కవాళ్ల 2 మీటర్లు కలిపితే రెండు బిల్డింగుల మధ్య 4 మీటర్ల సందు. రెండూ 12 మీటర్ల ఎత్తు. సందు నడుమ, అంటే సరిగ్గా పట్టీ ఉండే చోట, ఆకాశం కనిపించేది నడినెత్తికి ఇటు తొమ్మిదిన్నర డిగ్రీలు, అటు తొమ్మిదిన్నర. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఉత్తర దక్షిణంగా ఉన్న సందులో నేరుగా ఎండ పడేది మధ్యాహ్నం గంటా పావు. తూర్పు పడమరగా ఉన్న సందులో అయితే డిసెంబరులో మధ్యాహ్నం కూడా పడదు, హైదరాబాద్‌లో అప్పుడు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు.

ఇప్పుడు ప్లాన్లలో రాసే మొక్కల జాబితా చూడండి: దురంతా, టెకోమా, బోగన్‌విలియా. మూడూ పూటంతా ఎండ కోరేవే. ఆ సందులో పొడుగ్గా సాగి, కింద బోడిగా, పైన నాలుగాకులతో నిలబడతాయి. తోటమాలి తప్పు కాదది. పక్క సందులకు రాఫిస్ పామ్, డ్రసీనా, హెలికోనియా లాంటివి, వెనకవైపు ఎండ ఉంటేనే కంచె మొక్కలు. పట్టీ ఒక్కటే, మొక్కలు మాత్రం ప్రతి వైపూ వేరు.

"స్క్రీనింగ్" పేరుతో ఈ పట్టీని సమర్థించేవాళ్లకు ఇంకో మాట. రెండు మీటర్ల కంచె గ్రౌండ్ లెవెల్ చూపునే ఆపుతుంది. కింద స్తంభాల మధ్య పార్కింగ్ వదిలి, స్టిల్ట్ మీద కట్టిన అపార్ట్‌మెంటులో గ్రౌండ్ లెవెల్లో ఉండేవి కార్లు! మొదటి అంతస్తు కిటికీకి కావలసింది పక్కింటి కిటికీ ఎదురుగా పడకుండా ప్లానులో జరపడం, లేదా లూవర్లు, అంటే ఏటవాలు పలకల అడ్డు. జనరేటరు చప్పుడుకూ అంతే, ఒక వరస మొక్కలు అడ్డం పెడితే చెవికి తేడా తెలియదు. ఆ పని అకౌస్టిక్ డబ్బాది.

ప్లాన్‌గీత:
ఇదే నేను అంటున్నది. చూపు ఆపదు, చప్పుడు ఆపదు, ఎండ లేదు, వేరుకు 60 సెం.మీ. మరి దేనికి?

నిలువుగోడ:
నీటికి. 200 చ.మీ. శ్లాబు మీద ఏడాదికి 800 మి.మీ. వాన అంటే 1.6 లక్షల లీటర్లు. ఇంకుడు గుంత ఒక్కటే ఆ తాకిడి మింగలేదు. చుట్టూ రాయి పరిస్తే పొంగింది గేటు కింద నుంచి రోడ్డు మీదికి, అక్కడి నుంచి పల్లంలో ఉన్నవాడి సెల్లార్‌లోకి. పచ్చగా లేకపోయినా సరే, మట్టి తెరిచి ఉంటే చాలు. ఈ రూలుకు "పచ్చదనం" అని పేరు పెట్టడమే పొరపాటు.

కాగితంపులి:
రూలు మంచిదా చెడ్డదా తర్వాత, అమలు ఎక్కడ జారుతోందో చూడండి. 2020 టీఎస్‌బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం 500 చ.మీ. వరకు స్థలం, 10 మీటర్ల వరకు ఎత్తు ఉన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. అంటే ఈ పట్టీ వర్తించే ఇళ్లలో చాలావాటికి ప్లాను దశలో పట్టీ గీశాడా లేదా అన్నది యజమాని మాట మీదే నడుస్తుంది. అంతకు మించిన అపార్ట్‌మెంట్లకు మున్సిపాలిటీ దగ్గర 10 శాతం బిల్టప్ ఏరియా తనఖా ఉంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చేదాకా పట్టీ బతికే ఉంటుంది. తనఖా విడిపించిన మర్నాడే పేవర్ బ్లాకుల లారీ వస్తుంది.

@ప్లాన్‌గీత గారు, అదే 62 చ.మీ. వెనకకు మార్చినా ఆ లారీ ఆగదు కదా. మార్చాల్సింది చోటు కాదు, తనిఖీ జరిగే రోజు. ఓసీ ఇచ్చిన రెండో ఏడు ఒక ఫొటో అడిగితే సగం పట్టీలు మిగులుతాయి.

ప్లాన్‌గీత:
పేవర్ల సంగతి ఒప్పుకుంటాను, వాచ్‌మన్ గది సంగతీ. "ఎక్కడా తెగకుండా" అన్న షరతుతో మాత్రం నా పేచీ పోలేదు. ఈశాన్యంలో సంపు, బోరు. వాస్తు చెప్పే మొదటి మాటే అది, మన ఊళ్లలో ఎవరూ జరపరు. మరో మూల కరెంటు ఎర్తింగ్ గుంత (ఎర్త్ పిట్), ఇంకోచోట ఇంకుడు గుంత. నిజాయితీగా గీస్తే పట్టీ మూడు చోట్ల తెగుతుంది. నిజాయితీగా గీసినవాడి ప్లానుకే అభ్యంతరం రాస్తారు. మొత్తం పొడవులో 80 శాతం ఉంటే చాలు అంటే ఈ అబద్ధపు గీతలు పోతాయి.

తడిమట్టి:
80 శాతానికి నేను సంతకం పెడతా. దానితో పాటు ఒక నిషేధం కూడా రాయించండి: కోనోకార్పస్. ఆర్నెల్లలో ఆకుపచ్చ గోడ కావాలని అందరూ దాన్నే అడుగుతారు. గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. వేరు నీటి వాసన పట్టి పోతుంది, డ్రైనేజీ పైపు అతుకుల్లో దూరుతుంది. ఎండ తగిలే వైపు వాక్కాయ వేయండి, 60 నుంచి 75 సెం.మీ.కి ఒకటి. ముళ్లు దొంగను ఆపుతాయి, కాయ పప్పులోకి వస్తుంది, రెండో ఏడు నుంచి నీళ్లు పెద్దగా అడగదు. లేదా గోరింట, అడుగుకొకటి, ఏడాదికి మూడుసార్లు కత్తిరించాలి. గన్నేరు పిల్లలున్న చోట వద్దు.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్క వేర్ల చుట్టూ ఒండ్రుమట్టి గడ్డ ఉంటుంది. దాన్ని అలాగే మన ఎర్రమట్టిలో దించితే చుట్టూ తడి ఉన్నా గడ్డ లోపల ఎండి రాయి అవుతుంది. నాటే ముందు బకెట్లో పది నిమిషాలు నానబెట్టి, అంచుల మట్టి వేళ్లతో విదిలించి నాటండి. గడ్డ పైభాగం నేలకు సమానంగా ఉండాలి, కాండం మొదలు పూడ్చొద్దు.

404_సెక్రటరీ:
సరే, ఇంకో సందేహం. డ్రైనేజీ చాంబర్లు పట్టీలోకే వస్తే?

నిలువుగోడ:
ప్లానులోనే బిల్డింగు వైపు మీటరులోకి తోయండి. లోపల 45 × 45 సెం.మీ. చాంబరు నాలుగున్నర అంగుళాల గోడ, ప్లాస్టరింగ్‌తో బయటి కొలత 72 సెం.మీ., ఆ మీటరులో పడుతుంది. 110 మి.మీ. పైపు అరవైకి ఒకటి వాలుతో 20 మీటర్లు పోతే 33 సెం.మీ. దిగుతుంది, లోతు ముందే లెక్కేసుకోండి. ఇప్పటికే పట్టీలో ఉన్న చాంబరైతే మూతను మట్టికి 5 సెం.మీ. పైకి లేపండి. రెండు వైపులా అరమీటరు మేర పొదలు వద్దు, తీగలో గడ్డో చాలు. మూత మీద మట్టి కప్పి మొక్క పెట్టారంటే లైను మూసుకుపోయిన రోజు ముందు తవ్వేది ఆ మొక్కనే.