బీటెక్ చదివేవాళ్ళకి క్రెడిట్ కార్డు: ఇప్పుడేనా, ఉద్యోగం వచ్చాకా?

లంకగ్రామం (చర్చ మొదలుపెట్టినవారు)

కాలేజీ గేట్ల ముందు మళ్ళీ కార్డు ఏజెంట్ల గొడుగులు వెలిశాయి. ఆధార్, పాన్ ఇస్తే చాలు, పది నిమిషాల్లో కార్డు అంటున్నారు. ఇక్కడ కార్డుల సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఒకటే ప్రశ్న. 18 నిండి, సొంత సంపాదన లేక, ఇంటి నుంచి నెలకి ఎనిమిది పది వేలు తెప్పించుకునే విద్యార్థి ఇప్పుడే కార్డు తీసుకోవాలా? క్రెడిట్ స్కోరు (అప్పు సరిగ్గా తీరుస్తామా లేదా అని చెప్పే మార్కు) తొందరగా మొదలవుతుందని కొందరంటారు, అప్పు అలవాటు చేయడమేనని కొందరంటారు. "జాగ్రత్తగా వాడితే మంచిదే" అని మాత్రం ఎవరూ రాయకండి. జాగ్రత్త అంటే ఏమిటో అంకెల్లో చెప్పండి.

పద్దుపుస్తకం

తీసుకోవాలి. గొడుగు కింద మాత్రం వద్దు. ఆ ఏజెంట్లలో కొందరు ఆదాయం అన్నచోట "స్వయం ఉపాధి, ఏడాదికి 3 లక్షలు" అని వాళ్ళే నింపేస్తారు. కింద సంతకం విద్యార్థిది, అబద్ధం చెప్పినట్టు లెక్క కూడా అతనిదే.

సంపాదన లేనివాళ్ళకి సరైన దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) మీద ఇచ్చే కార్డు. స్టేట్ బ్యాంకు, ఐసీఐసీఐ, యాక్సిస్, కోటక్, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ లాంటివి ఇస్తున్నాయి. ఎఫ్‌డీ సొమ్ములో 75 నుంచి 100 శాతం దాకా లిమిట్ పెడతారు. డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది, కాకపోతే కార్డు ఉన్నన్నాళ్ళూ దాని మీద బ్యాంకు లియన్ (తాకట్టు హక్కు) ఉంటుంది. ఎఫ్‌డీ విద్యార్థి పేరునే ఉండాలి, నాన్నగారి పేరున ఉన్నది చూపిస్తే ఒప్పుకోరు. ఇంకొకటి, పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ళ ఎఫ్‌డీని తాకట్టు పెట్టనివ్వరు, కాబట్టి మామూలు ఎఫ్‌డీయే వేయాలి, ఆటో రెన్యువల్ పెట్టి.

"నాన్న కార్డుకి యాడ్-ఆన్ (అదే ఖాతా మీద ఇచ్చే అదనపు కార్డు) తీసుకుంటే సరిపోదా" అని అడిగేవాళ్ళుంటారు. ఖర్చుకి సరిపోతుంది. స్కోరుకి పనికిరాదు, బాధ్యతంతా అసలు కార్డుదారుడిదే కాబట్టి చరిత్ర కూడా ఆయన పేరునే పెరుగుతుంది.

ఓరుగల్లు_కోట

పద్దుపుస్తకం అన్నా, నువ్వు చెప్పింది తప్పు కాదు గానీ అసలు అవసరమే లేదంటున్న. పొరగాండ్లకు స్కోరు ఎందుకు? చరిత్ర లేకుంటే క్రెడిట్ రిపోర్టుల "ఎన్‌హెచ్" (నో హిస్టరీ) అనో "-1" అనో వస్తది. అది చెడ్డ స్కోరు కాదు, ఖాళీ పలక. మొదటిసారి అప్పు అడిగేటోన్ని చరిత్ర లేదన్న ఒక్క కారణంతోటి తిప్పి పంపొద్దని 2025 జనవరిల ఆర్బీఐ చెప్పింది. ఉద్యోగం వచ్చినంక జీతం ఖాతా ఉన్న బ్యాంకే కార్డు ఇస్తా అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తది.

ఖాళీ పలక మీద మంచిగ రాయచ్చు. గీతలు పడ్డ పలక తుడవాలంటే ఏండ్లు పడ్తది. 19 ఏండ్లప్పుడు 900 రూపాయల బిల్లు మర్శిపోతే, గత 36 నెలల చెల్లింపుల పట్టీల ఆ ఆలస్యం కనపడ్తనే ఉంటది. లాభం ఎంత, నష్టం ఎంత, నువ్వే తూకం వెయ్యి.

పద్దుపుస్తకం

ఖాళీ పలక మాట ఒప్పుకుంటాను. కానీ "తిప్పి పంపొద్దు" అంటే "మంచి వడ్డీకి ఇవ్వండి" అని కాదు కదా. తుది నిర్ణయం బ్యాంకుదే. 24 ఏళ్ళకి బండి రుణమో, చిన్న వ్యక్తిగత రుణమో అడిగేవాడికి నాలుగేళ్ళ శుభ్రమైన చరిత్ర ఉండటం, అసలేమీ లేకపోవడం ఒకటి కాదు.

మరిచిపోయే బాధకి మందుంది. కార్డు చేతికి రాగానే మొదట చేయాల్సింది కొనుగోలు కాదు, ఆటో డెబిట్, అంటే గడువు రోజున బిల్లు ఖాతా నుంచి దానంతటదే కట్టుకుపోయే ఏర్పాటు. అందులో రెండు ఎంపికలుంటాయి: మొత్తం బాకీ, కనీస బాకీ. మొత్తం బాకీ పెట్టాలి. కనీసం పెట్టినవాడికి ఆలస్యం పడదు, వడ్డీ మాత్రం నిశ్శబ్దంగా నడుస్తూ ఉంటుంది. ఖాతాలో డబ్బు లేకపోతే ఆటో డెబిట్ తిరిగొస్తుంది, అప్పుడు కార్డు వాళ్ళు ఒక రుసుం, ఖాతా ఉన్న బ్యాంకు ఇంకో రుసుం వేస్తాయి.

అందుకే బిల్లు తేదీ చూసుకోవాలి. ఇంటి నుంచి డబ్బు 1–5 తారీఖుల్లో వచ్చేవాళ్ళకి గడువు 8–10 మధ్య పడితే హాయి. బిల్లుకీ గడువుకీ మధ్య సుమారు 18–20 రోజులుంటాయి కాబట్టి బిల్లు 20వ తారీఖున పడేలా మార్పించుకోవాలి. బిల్లింగ్ చక్రం కనీసం ఒకసారి మార్చుకునే హక్కు ఆర్బీఐ నిబంధనల్లోనే ఉంది, యాప్‌లో కనపడకపోతే కస్టమర్ కేర్‌ని అడగాలి.

ఒకవేళ తప్పినా, ఆలస్య రుసుం వేయడం, క్రెడిట్ బ్యూరోకి (అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థకి) రాయడం గడువు దాటి మూడు రోజులు మించితేనే. మించాక లెక్క మాత్రం అసలు గడువు నుంచే మొదలవుతుంది.

వడ్డీలెక్క

"వడ్డీ నిశ్శబ్దంగా" అన్నారు, దానికి నేను నోరిస్తాను.

కార్డు వడ్డీ నెలకి 3.75 శాతం అనుకోండి, అంటే ఏడాదికి 45. జూన్ 3న రూ. 12,000 కొన్నారు. బిల్లు జూన్ 15, గడువు జూలై 5. కనీస బాకీ 5 శాతం, రూ. 600. అది గడువు రోజునే కట్టేశారు, మిగతాది తర్వాత చూద్దామనుకున్నారు. జూలై 15 బిల్లులో ఏముంటుంది?

జూన్ 3 నుంచి జూలై 5 దాకా 32 రోజులకి 12,000 మీద వడ్డీ రూ. 473. ఆ తర్వాత పది రోజులకి 11,400 మీద రూ. 141. మొత్తం 614. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 110. కలిపి 724.

కట్టింది 600, పడింది 724. నెల తర్వాత బాకీ 12,124.

చాలామందికి తెలియని ముడి ఇక్కడే ఉంది. వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి. పైగా పూర్తిగా కట్టనంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు పోతాయి. జూలై 7న తిన్న బిర్యానీకి కూడా జూలై 7 నుంచే వడ్డీ.

దీనికి చట్టం అడ్డుపడుతుందిలే అనుకోవద్దు. 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది గానీ, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఉప్పాడ_నేత

వడ్డీలెక్క గారూ, లెక్క సరే, చిన్న సవరణ. ఆ 12,124 అలా పెరుగుతూ పోదు. కనీస బాకీ కడుతూంటే అసలు పెరిగిపోయే పద్ధతి ఉండకూడదని 2022 ఆర్బీఐ నిబంధనలు. అందుకని చాలా బ్యాంకులు రెండో బిల్లు నుంచి కనీస బాకీలో వడ్డీ, పన్ను మొత్తం కలిపి, ఆ పైన అసలులో 5 శాతం వేస్తాయి. మీ ఉదాహరణలో 724, 570 కలిపి దాదాపు రూ. 1,294. మొదటి నెల 600 కట్టలేక కట్టినవాడికి రెండో నెల ఇంతకి రెండింతలు అడుగుతారు. చాలామంది జారిపడేది అక్కడ.

విద్యార్థులు ఎక్కువగా పడే ఇంకో గుంట "నో కాస్ట్ ఈఎంఐ". రూ. 24,000 ఫోను, ఆరు నెలలు, నెలకి 4,000. వడ్డీ లేనట్టే కనిపిస్తుంది. నిజానికి 16 శాతం లెక్కన వడ్డీ రూ. 1,081 ఉంటుంది, అంత డిస్కౌంటు ముందే ఇచ్చి సరిపెడతారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ రూ. 195 మాత్రం మనదే. ప్రాసెసింగ్ రుసుం 199 అయితే పన్నుతో 235. మొత్తం రూ. 430 చేతి నుంచి పోతుంది, చాలా కార్డుల్లో పాయింట్లు కూడా రావు. అసలు దెబ్బ అది కాదు. రూ. 25,000 లిమిట్ ఉన్న కార్డులో దాదాపు 23,000 ఒక్కసారే నిండిపోతుంది, నెల నెలా కట్టిన మేరకే ఖాళీ అవుతుంది. పరీక్ష ఫీజు వచ్చినప్పుడు కార్డు ఉండీ లేనట్టే.

లంకగ్రామం

స్కోరు బాగుండాలంటే వాడకం లిమిట్‌లో 30 శాతం దాటకూడదంటారు కదా? రూ. 18,000 లిమిట్ ఉంటే మెస్ బిల్లు ఒక్కటే ఆ గీత దాటేస్తుంది.

వడ్డీలెక్క

ఆ 30 శాతం బ్యూరోలు ప్రకటించిన సూత్రమేమీ కాదు, తక్కువ వాడితే మేలన్న దానికి జనం పెట్టుకున్న గుర్తు. బిల్లు పడకముందే కొంత కట్టేస్తే రిపోర్టుకి వెళ్ళే అంకె తగ్గుతుంది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు బ్యూరోలకి కనీసం పదిహేను రోజులకోసారైనా పంపాలి కాబట్టి బిల్లు తేదీ ఒక్కటే చూసుకుంటే చాలదు. అయినా దగ్గరలో లోన్ అడిగే పని లేని విద్యార్థి దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇది తీర్చగానే దిగే అంకె. ఆలస్యం అలా దిగదు.

రిపోర్టు మాత్రం చూసుకోవాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకి ఒకటి చొప్పున తీస్తే ఏడాది పొడుగునా ఓ కన్నేసినట్టే.

ఓరుగల్లు_కోట

మీరందరు లెక్కలు చెప్తున్నరు, హాస్టల్‌ల నడిచేది చెప్తలేరు. ఒకని దగ్గర కార్డు ఉన్నదంటే రూమంతా ఉన్నట్టే. "నీ కార్డు మీద ఫోన్ బుక్ చెయ్ రా, నెల నెల ఇస్త." వాడు ఇయ్యకుంటే బ్యాంకు వాన్ని అడగదు.

రెండోది, కార్డు గీకి నగదు ఇచ్చే దుకాణాలు. వందకు రెండో మూడో కమీషన్ పట్టుకుంటరు. కొనకుండనే కొన్నట్టు బిల్లు చూపెట్టుడు అది, దొరికితే కార్డు బందు పెడ్తరు. ఏటీఎంల తీస్తే ఇంకా ఘోరం. వడ్డీ లేని రోజులు ఒక్కటి కూడ ఉండయి, రుసుం 2.5 శాతమో ఎక్కువనో, అది కూడ చాలా కార్డులల్ల కనీసం 500. రెండు వేలు తీస్తే ఐదు వందలు వాళ్ళకే.

మూడోది, రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుడు. 2022 నుంచి వచ్చింది. దోస్తుకు పైసలు పంపుడు కుదరదు, దుకాణపోళ్ళకే. మంచిదే అనుకుంటం. కానీ ఇంతకు ముందు ఖాతల 40 రూపాయలే ఉంటే చాయ్ తాగి ఊకునేటోడు, ఇప్పుడు స్కాన్ చేసుకుంటనే పోతడు. ఆగమయ్యేది పెద్ద కొనుగోలుతోటి కాదు, వీటితోటి.

పద్దుపుస్తకం

మూడో దాంట్లో మీతోనే ఉన్నాను. మొదటి ఏడాది యూపీఐకి కలపొద్దు. ఫోను రీఛార్జి, మెస్, బస్ పాస్ లాంటి ముందే తెలిసిన ఒకటి రెండు ఖర్చులకే కార్డు. స్కోరుకి అంతే చాలు, వాడకం ఎక్కువైనంత మాత్రాన ఎక్కువ మార్కులు రావు.

మీ వాదనకి ఒక ఆధారం నేనే ఇస్తాను: ఎఫ్‌డీ ఉంది కదా, తప్పితే బ్యాంకు అందులోంచి తీసుకుంటుందిలే అని పిల్లలు అనుకుంటారు. మొదటి బిల్లు తప్పగానే తీసుకోదు. వడ్డీ, రుసుం వేసుకుంటూ నోటీసులిచ్చి, చివరికి ఎఫ్‌డీ విరుస్తుంది. అప్పటికి డిపాజిట్టూ కరిగింది, రిపోర్టులో మచ్చా పడింది. ఇంటి నుంచి డబ్బు ఏ నెలకి వస్తుందో తెలియనివాళ్ళు, పంట చేతికొస్తేనో ఫీజు రీయింబర్స్‌మెంట్ పడితేనో గానీ చేతిలో పైసా ఆడనివాళ్ళు, కార్డు జోలికి రాకపోవడమే మేలు. అక్కడ ఓరుగల్లు గారి మాటే సరి.

డల్లాస్_దారి

ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడి సిబిల్ స్కోరు అక్కడ నేరుగా పనికిరాదు, అమెరికాలో మళ్ళీ సున్నా నుంచే. అక్కడా మొదటి మెట్టు డిపాజిట్ కట్టి తీసుకునే కార్డే.

కానీ దరఖాస్తుల కాలంలో కార్డు ఉపయోగముంది. ఎనిమిది యూనివర్సిటీలు, ఒక్కోదానికి 80 డాలర్లు, మొత్తం 640. డాలర్ 85 అనుకుంటే రూ. 54,400. మామూలు కార్డుకి విదేశీ మార్కప్ (విదేశీ డబ్బులో కట్టినందుకు వేసే అదనపు రుసుం) 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, కలిపి 4.13 శాతం, అంటే రూ. 2,247. డెబిట్ కార్డుకి కూడా చాలాచోట్ల ఇంతే. ఎఫ్‌డీ కార్డుల్లో మార్కప్ లేనివి దొరుకుతాయి, అవి చూసుకోవాలి. లిమిట్ చాలకపోతే రెండు దఫాలుగా, ముందుది తీర్చి తర్వాతవి. కొత్త కార్డులో విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం ఆపేసి ఉంటాయి, యాప్‌లో తెరవాలి. ఫీజు కట్టగానే విదేశీ మళ్ళీ మూసేయాలి. డబ్బు కట్టే పేజీలో "రూపాయల్లో కడతారా" అని అడిగితే కాదని డాలర్లే ఎంచుకోవాలి, లేకపోతే వాళ్ళ మారకం రేటు వేరేగా బాదుతుంది.

లంకగ్రామం

చివరగా రెండు. తెలియని లావాదేవీ కనపడితే ఏం చేయాలి? చదువయ్యాక కార్డు వద్దనుకుంటే ఎఫ్‌డీ ఎలా విడిపించుకోవాలి?

పద్దుపుస్తకం

మొదటిది: ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకి ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోవాలి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కూడా చెప్పాలి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా ఎక్కడో సమాచారం పోతే, మూడు పనిరోజుల్లోపు చెప్పినవాళ్ళ మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిరోజులైతే కొంత మనది. ఓటీపీ మనమే చెప్పేస్తే, బ్యాంకుకి తెలిపేదాకా పోయిందంతా మనదే. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు.

రెండోది: ముందు ఓటీటీ లాంటి ఆటో చెల్లింపులన్నీ కార్డు నుంచి తీసేసి, రావాల్సిన రీఫండ్లు వచ్చేదాకా ఆగి, బాకీ సున్నా చేసి, మూసేయమని రాతపూర్వకంగా అడగాలి. ఏడు పనిరోజుల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకి రూ. 500 బ్యాంకే మనకి ఇవ్వాలి. మూసినట్టు మెయిల్ వచ్చాక లియన్ తీశారో లేదో ఎఫ్‌డీ వివరాల్లో విడిగా చూసుకోవాలి. అది తీయకపోతే ఆటో రెన్యువల్ పెట్టిన ఎఫ్‌డీ గడువు తీరగానే మళ్ళీ అంతే కాలానికి కూర్చుంటుంది, విరుద్దామంటే యాప్ ఒప్పుకోదు.

ఓరుగల్లు_కోట

గా మూసేసిన మెయిల్ దాచిపెట్టుకో తమ్మీ. రిపోర్టుల ఇంకా నడుస్తున్నట్టు చూపెడితే అదే కాయితం.