వంటంటే విసుగు, కానీ సరిగ్గా తినాలి: బెంగళూరులో మీరెలా నెట్టుకొస్తున్నారు?

మారతహళ్ళి_మావాడు

పీజీ తిండి పడక ఈమధ్యే సింగిల్ బెడ్‌రూమ్ ఇంటికి మారాను. వంట రాదని కాదు, వచ్చు, కానీ ఇష్టం లేదు. ఉల్లిపాయలు తరగడం, కూర మగ్గేదాకా స్టవ్వు దగ్గర నిలబడటం, ఆ తర్వాత సింకు నిండా గిన్నెలు... ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చాక ఇవేవీ చేయబుద్ధి కాదు. దాంతో రోజూ యాప్‌లో ఆర్డరే. బిర్యానీ, నూడిల్స్, మళ్ళీ బిర్యానీ. మొన్న హెల్త్ చెకప్‌లో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) ఎక్కువొచ్చాయి, డాక్టరు కాస్త ఇంటి తిండి తినవయ్యా అన్నాడు.

ఉన్నవి ఇండక్షన్ స్టవ్వు, చిన్న ఫ్రిజ్జు. మిక్సీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. దయచేసి పదిహేను నిమిషాల రెసిపీ అంటూ వీడియో లింకులు పెట్టకండి, తరిగే టైము, గిన్నెలు తోమే టైము వాళ్ళెవరూ లెక్కేయరు.

పెనుకొండ_పిల్లోడు

అన్నా, మన సీమవాళ్ళకి ఉగ్గాని ఉండగా ఈ బాధేంది? బొరుగులు నీళ్ళలో వేసి తడవగానే పిండేయడమే, ఆలస్యం చేస్తే ముద్దయిపోతాయి. పోపులో పచ్చిమిర్చి, పసుపు, పిండిన బొరుగులు వేసి కలిపి, దించినాక పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండు. ఉల్లిగడ్డ తరగబుద్ధి కాకపోతే మానెయ్, ఎవరూ కేసు పెట్టరు. పొడి ఊర్నుంచి డబ్బాడు తెచ్చుకుంటే మిక్సీతో పనే లేదు. కాకపోతే ఉత్త బొరుగులకి కడుపు ఆగదు, గుప్పెడు పల్లీలు ఎక్కువ వేసుకో, పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకో.

పొద్దున రాగి జావ. పిండి ముందు చల్లనీళ్ళలో కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్ళలో పోయాల, లేకపోతే ఉండలు కడుతుంది. కలుపుతూ ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, ఆరినాక మజ్జిగ, ఉప్పు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది.

కోరమంగళ_కోడలు

మీకు విసుగు వంట మీద కాదండీ, తరగడం మీదా తోమడం మీదా అనిపిస్తోంది. అవి రెండూ తగ్గించుకుంటే మిగతాదంతా కుక్కరే చూసుకుంటుంది.

నేను చేసేది చెప్తాను. కుక్కర్ అడుగున నీళ్ళు పోసి, ఒక గిన్నెలో బియ్యం, దాని మీద ఇంకో గిన్నెలో నానిన కందిపప్పు, టమాటా, పసుపు, పైన పాలకూర. పాలకూర కడిగి చేత్తో తుంపేస్తే చాలు, కత్తి తీయక్కర్లేదు. గోంగూర అయితే ఆకు దూసుకోవాలి, ఆ ఓపిక ఆదివారాలు మాత్రమే ఉంటుంది నాకు. దించాక పప్పులో ఉప్పు, కారం వేసి గరిటెతో మెదిపేయడమే. పోపు పెట్టను. వేడన్నంలో ఆ పప్పు, చెంచా నెయ్యి, ఆవకాయ ముక్క ఉంటే పోపు లేదని నాలిక్కి గుర్తు కూడా రాదు. మా అత్తగారు మాత్రం ఇప్పటికీ దాన్ని పప్పు అని ఒప్పుకోరు, అది వేరే సంగతి.

పప్పు రెండ్రోజులు ఫ్రిజ్జులో ఉంటుంది. అన్నం మిగిలితే మాత్రం రాత్రంతా బయట వదిలేయకండి, ఆవిరి పోగానే ఫ్రిజ్జులో పెట్టండి. బయట ఉంచిన అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

కూర చేయని రోజు కోసంబరి. మన శ్రీరామనవమి వడపప్పుకి దగ్గర చుట్టమే. నానిన పెసరపప్పులో కీరా, క్యారెట్ తురుము, నిమ్మరసం, ఉప్పు, ఉంటే కొబ్బరి. స్టవ్వే ముట్టించక్కర్లేదు. కూరగాయలు హాప్‌కామ్స్‌లో (ఇక్కడి రైతుల సహకార సంఘం దుకాణాలు) కొద్దికొద్దిగా తెచ్చుకోండి. ఒకేసారి పెద్ద సంచీడు తెస్తే శుక్రవారానికి సగం చెత్తబుట్టలోకే.

బీటీఎం_బ్యాచిలర్

అందరూ మళ్ళీ వంటే చెప్తున్నారు, పాపం ఆయన అడిగింది ఒకటి. బ్రో, బయటే తిను, కానీ చూసి తిను. ట్రైగ్లిజరైడ్లు పెంచేది నూనె ఒక్కటే కాదు, తెల్లన్నం, మైదా, తీపి, మందు కూడా. (బీరు సంగతి నువ్వు రాయలేదు, నేనూ అడగను.) ఆంధ్రా మెస్‌కి వెళ్తే రెండోసారి అన్నం కాదు, పప్పూ కూరా అడుగు. కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి టేబుల్ మీద కనిపించేసరికి మనవాళ్ళు కూర రాకముందే సగం కడుపు అన్నంతో నింపేస్తారు, అక్కడే దెబ్బ. దర్శినిలో (ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్) అయితే పూరీ, వడ వదిలేసి ఇడ్లీ, సాంబారు. పక్కన అరటిపండో జామకాయో. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పళ్ళెంలో దాదాపు సగం కూరగాయలు, పళ్ళే ఉండాలి. మనం తినే మీల్స్‌లో సగం కాదు, చెంచాడు వేపుడు ఉంటుంది.

కోరమంగళ_కోడలు

బీటీఎం గారూ, చెప్పింది బాగానే ఉంది కానీ రాత్రి తొమ్మిదిన్నరకి అలిసిపోయి మెస్‌లో కూర్చున్నవాడు అన్నం వద్దంటాడా? మధ్యలో ఇంకో దారి ఉంది. కూర మాత్రం కర్రీ పాయింట్‌లో తెచ్చుకుని, అన్నం, పెరుగు ఇంట్లో చూసుకోవడం. వేపుడు కాకుండా పులుసో, ఆకుకూర పప్పో అడగండి.

మారతహళ్ళి_మావాడు

కర్రీ పాయింట్ మా వీధి చివరే ఉంది, ఇన్నాళ్ళూ అక్కడ చికెన్ ఫ్రై తప్ప ఏదీ చూడలేదు. కుక్కర్ ఐడియా నచ్చింది అక్కా, తోమేవి ఆ మూడే కదా. అమ్మ ఇచ్చిన పాత అల్యూమినియం కుక్కర్ ఉంది, ఇండక్షన్ మీద పనిచేస్తుందా?

కోరమంగళ_కోడలు

మామూలు అల్యూమినియం అయితే వేడెక్కదు. అడుగున అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే సరే. లేకపోతే ఇండక్షన్ అడుగున్న మూడు లీటర్ల స్టీల్ కుక్కర్ తీసుకోండి, లోపలి గిన్నెలు కూడా వచ్చేది. ఆ పాతది అమ్మకే ఇచ్చేయండి, ఆవిడ తప్పకుండా అడుగుతుంది.